సర్వర్‌కి అప్‌డేట్ పెట్టే ముందు

చిన్నా,

రేపు రాత్రి ఆ ఉబుంటు (లినక్స్) సర్వర్‌కి ఒక్కడినే అప్‌డేట్ పెడుతున్నానని ఫోన్లో అన్నావు కదా, అప్పుడే చెబుదామనుకున్నా గానీ మాటల్లో సగం జారిపోతాయని రాస్తున్నాను.

ముందు బ్యాకప్. ఉందంటే సరిపోదు, అందులోంచి ఒక్క ఫైలైనా వెనక్కి తీసి తెరిచి చూడు. స్నాప్‌షాట్, అంటే సర్వర్ మొత్తానికి ఆ క్షణపు నకలు, తీసుకున్నా సరే, డేటాబేస్‌కి విడిగా డంప్ తియ్యి, అంటే డేటా అంతా ఒక ఫైల్లోకి. తర్వాత డిస్కులో జాగా. బూట్ పార్టిషన్ (సర్వర్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే భాగం) వేరుగా ఉంటే చిన్నదే ఉంటుంది, పాత కెర్నళ్లు, అంటే సిస్టమ్‌ని నడిపే అసలు ప్రోగ్రాం పాత వెర్షన్లు, పేరుకుని అది నిండిపోతే కొత్త కెర్నల్ ఎక్కడం మధ్యలోనే ఆగిపోతుంది. ప్యాకేజీలు పెట్టడానికీ తీయడానికీ వాడే ఆప్ట్ కమాండుతో ఆటోరిమూవ్ కొడితే అక్కర్లేని పాతవి పోతాయి.

లాగిన్ అవగానే టీమక్స్ (కనెక్షన్ తెగినా సెషన్‌ని సర్వర్‌లోనే నడిపించే ప్రోగ్రాం) తెరిచి, అప్‌డేట్ అందులోనే నడుపు. ఇది మాత్రం మర్చిపోకు. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసు సర్వర్‌కి ఇంటి నుంచి అప్‌డేట్ పెడుతుంటే కరెంటు పోయింది, నెట్ పోయింది, ప్యాకేజీలు సగం సగం దిగి ఆగిపోయాయి. మళ్లీ లోపలికి వెళ్లి డీపీకేజీతో (ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా ఎక్కించే ప్రోగ్రాం) మిగిలినవి కాన్ఫిగర్ చేయించేసరికి తెల్లారింది. టీమక్స్‌లో ఉండుంటే నెట్ పోయినా పని అక్కడ దానంతటది నడిచేది.

ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టాక వచ్చే జాబితా చదవకుండా వై (సరే అని) నొక్కకు. ఫుల్ అప్‌గ్రేడ్ అయితే మరీ జాగ్రత్త, అది కొన్ని ప్యాకేజీలను తీసేయగలదు కూడా. మధ్యలో ఆగి, మీరు మార్చిన సెట్టింగుల ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. కంగారుపడకు, తేడా చూపించమను, అర్థం కాకపోతే మనదే ఉంచు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) ఫైలు విషయంలో కొత్తది ఒప్పుకున్నావనుకో, మనం మార్చిన పోర్టు పోయి మళ్లీ 22కి వస్తుంది, ఫైర్‌వాల్ దాన్ని రానివ్వదు, నువ్వు బయటే ఉండిపోతావు. అందుకే ఉన్న సెషన్ మూయకుండా ఇంకో టెర్మినల్ నుంచి లాగిన్ అయి చూసుకో.

రీబూట్ వాయిదా వేయాలనిపిస్తుంది, వెయ్యకు. 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, దాన్ని అప్‌డేట్ చేసినా, సర్వీసులు రీస్టార్ట్ చేయనంతవరకు మెమరీలో పాత లైబ్రరీయే నడుస్తూ ఉండేది. కెర్నల్ కూడా అంతే, రీబూట్ అయితేనే కొత్తది ఎక్కుతుంది. కాకపోతే ముందుగా ప్రొవైడర్ కన్సోల్‌లోకి (సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ సైట్‌లో దాని స్క్రీన్ కనిపించే చోటు) నీ పాస్‌వర్డ్ పనిచేస్తుందో లేదో చూసి పెట్టుకో. సర్వర్ లేవకపోతే అక్కడి నుంచే గ్రబ్ మెనూలో (సర్వర్ లేచేటప్పుడు మొదట వచ్చేది) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నల్‌తో లేపొచ్చు.

లేచాక ఫెయిలైన సర్వీసులేమైనా ఉన్నాయేమో సర్వీసుల స్థితి చూపించే సిస్టమ్‌సీటీఎల్ కమాండులో చూసి, సైట్ నువ్వే తెరిచి ఒకసారి లాగిన్ అయి చూడు.

ఎంత రాత్రయినా సరే, రీబూట్ కొట్టే ముందు నాకో మెసేజ్ పెట్టు. మెలకువగానే ఉంటా.

మీ బాబాయి