“ఉంది”లో “వ” ఉందా?

సందేహం: మా పాప రెండో తరగతి. డిక్టేషన్‌లో “ఉంది” అని చెబితే “వుంది” అని రాసింది. తప్పని మార్కు తీసేశారు. “నాకు వ వినిపిస్తోంది కదమ్మా” అంటుంది పాప. నేనూ పైకి అనుకుని చూశాను, నిజంగానే వినిపిస్తోంది. మా అత్తగారిది నగరి వైపు, ఇంట్లో తమిళం కూడా మాట్లాడతాం. ఆ ప్రభావంతో తప్పుగా పలుకుతున్నామా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

సమాధానం: అమ్మా, మీ పాపది మంచి చెవి. ముందు ఆ మాట పాపకు చెప్పండి. వినిపించింది వినిపించినట్టే రాసింది. అయితే వినిపించేదంతా అక్షరం కాదు, చిక్కు అక్కడుంది.

అద్దం ముందు నిలబడి “కి” అనండి. కాస్త ఆగి “కు” అనబోయి, అనకుండా ఆపేయండి. ఇంకా శబ్దమే రాలేదు, అప్పటికే పెదవులు గుండ్రంగా ముందుకు వచ్చేసి ఉంటాయి. క పుట్టేది నాలుక వెనక భాగంలో, పెదవులతో దానికి పని లేదు. వెనకాల రాబోయే ఉ కోసం అవి ముందే తయారైపోతాయి. మన ఊళ్ళ పేర్లలోనే చూడండి. చిత్తూరు, పుత్తూరు. “చి” దగ్గర పక్కలకు సాగిన పెదవులు “త్తూ” దగ్గరికి వచ్చేసరికి చుట్టుకుంటాయి. పుత్తూరులో మొదటి నుంచి చివరి దాకా చుట్టుకునే ఉంటాయి.

పెదవులు అలా చుట్టుకుంటే ధ్వని ఎందుకు మారుతుంది? కుళాయి కింద బిందె పెట్టి వినండి. నీళ్ళు నిండేకొద్దీ లోపల గాలికి చోటు తగ్గి శబ్దం సన్నబడుతుంది. పెదవులు ముందుకు చాపితే జరిగేది దీనికి తిరగబడి. నోట్లో గాలి నడిచే దారి పొడవవుతుంది, చివర ద్వారం చిన్నదవుతుంది, ధ్వని బరువెక్కుతుంది. “ఈ” అంటూ నాలుకను కదపకుండా పెదవులు మాత్రం చుట్టండి. మన అక్షరమాలలో లేని అచ్చు ఒకటి వస్తుంది. ఫ్రెంచివాళ్ళకూ జర్మన్లకూ అది రోజూ వాడే అచ్చు.

ఇప్పుడు మీ “ఉంది”. మాట మొదట్లో పెదవులు మామూలుగా ఉంటాయి. అవి గుండ్రమయ్యేలోపే గొంతు మోగడం మొదలైతే, ఆ దగ్గరపడుతున్న పెదవుల మధ్య నుంచి వచ్చేదే మీ పాప విన్న వ. “వీధి” అని చూడండి, పై పళ్ళు కింది పెదవి దగ్గరికి వస్తాయి. వ్యాకరణాలు వకారాన్ని దంతోష్ఠ్యం అన్నది అందుకే. “ఉంది”లో వినిపించే దానికి పళ్ళతో పనే లేదు, అంతా రెండు పెదవులదే. ఇల్లు, ఎక్కడ అనే మాటల ముందు సన్నగా య వినిపించడమూ ఇలాంటిదే, అక్కడ ఆ పని నాలుకది.

మరి రాయకూడదా? వు, వూ, వొ, వో తెలుగు మాటలకు మొదట ఉండవని చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) చెప్పాడు. దాన్ని వట్టి ఆంక్ష అనుకోకండి. ఉ వేరు, వు వేరు అని చూపించడానికి రెండు వేర్వేరు తెలుగు మాటలు తెండి చూద్దాం. దొరకవు. ఎలా పలికినా అర్థం మారనప్పుడు రాతలో ఒక్క రూపం చాలు. మన చెవి ఈ రెండింటినీ ఎంతగా ఒకటి చేసుకుందంటే, ఇంగ్లీషు నుంచి వచ్చిన “వోట్”ను ఓటు చేశాం, “వుల్”ను ఊలు చేశాం. అటు ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఒంటిమిట్టను వి అక్షరంతో మొదలుపెడతారు. కడప దారిలో బోర్డుల మీద మీరూ చూసే ఉంటారు.

రాసినవాళ్ళూ లేకపోలేదు. అన్నమయ్య సంకీర్తనల ముద్రణల్లో “వొక”, “యెంత” లాంటి రూపాలు కనిపిస్తాయి. అందుకే “వుంది”ని నేను నోటికి దగ్గరైన పాత అలవాటు అంటాను, అజ్ఞానం అనను. పరీక్షలో మాత్రం “ఉంది” అనే రాయించండి. రేపు నిఘంటువులో ఆ మాట వెతకాలన్నా ఉ దగ్గరే వెతకాలి.

రెండు మాటలు కలిసేచోట నా మొగ్గు నోటి వైపే. మా, ఊరు కలిస్తే వ్యాకరణం యడాగమం చేసి “మాయూరు” అంటుంది. మన నోళ్ళు “మావూరు” అంటాయి. రాబోయేది ఊ కాబట్టి అక్కడ పెదవులకు వ సహజం. మామూలు రాతలో “మావూరు” అని కనిపిస్తే నేను దిద్దను.

పెదవుల ఈ తొందర ఒక్కోసారి రాతలోకీ ఎక్కింది. “మనిషి”కి “లు” చేర్చితే మనిషిలు కాదు, మనుషులు. చివరి ఉ కోసం దాని ముందున్న రెండు ఇకారాలూ ఉకారాలైపోయాయి. తిరుపతికి, చిత్తూరుకు అనడంలోనూ ఇదే పొందిక ఉంది. ఇకారం తర్వాత కి, ఉకారం తర్వాత కు. చిత్తూరుకి అని ఇప్పుడు చాలామంది అంటున్నారు గానీ, నా చెవికి “చిత్తూరుకు” అన్నదే హాయి. ఇక్కడ అచ్చే మారిపోయింది కాబట్టి రాత కూడా మారింది. “ఉంది”లో అచ్చు మారలేదు, దాని ముందు పెదవుల కదలిక మాత్రమే వినిపించింది.

ఇక తమిళ ప్రభావం సంగతి. మాట మొదటి వ తమిళం వల్ల వచ్చింది కాదు, అది ఇద్దరి నోళ్ళలోనూ ఉంది. తేడా మాట చివర ఉంది. తమిళంలో ఇంటిని “వీడు” అంటారు. ఆ చివరి ఉకారాన్ని పెదవులు చుట్టకుండా, పొట్టిగా అంటారు. కుట్రియలుగరం అని దానికి వాళ్ళ వ్యాకరణంలో పేరుంది, అర మాత్రే లెక్క. మనం “వీడు మా వాడు” అన్నప్పుడు రెండుచోట్లా పెదవులు చుట్టుకుంటాయి. మీ అత్తగారిని ఇల్లు అనే అర్థంలో ఒకసారి, ఈ అబ్బాయి అనే అర్థంలో ఒకసారి “వీడు” అనమని అడగండి. పాపను ఆమె పెదవుల వైపు చూడమనండి.