టెక్ సందేహాలు: ఏజెంట్‌కి టికెట్ ఇచ్చి టీకి వెళ్తే 23 ఫైళ్లు మారిపోయాయి

మామూలుగా ఈ కాలమ్‌కి ఫోన్ వేడెక్కుతోంది, వైఫై బెడ్రూమ్ దాకా రావట్లేదు లాంటివే ఎక్కువ వస్తాయి. ఈసారి మాత్రం సగం మెయిల్స్ కోడింగ్ ఏజెంట్ల మీదే, అంటే చెప్పిన పనికి కోడ్ తనే రాసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌ల మీదే ఉన్నాయి, అందుకని వైఫై వాళ్లు ఒక్క వారం ఓపిక పట్టండి, రౌటర్‌ని టీవీ వెనకాల నుంచి తీసి పైన పెట్టి చూస్తూ ఉండండి ఈలోపు.

మాదాపూర్ నుంచి ఒకరు: సార్, సర్వీస్ కంపెనీలో ఆరేళ్లుగా జావా చేస్తున్నాను. మా టీమ్‌కి ఏజెంట్ ఇచ్చారు, చిన్న టికెట్లన్నీ (చెయ్యాల్సిన పని రాసిపెట్టే చీటీల్లాంటివి) దానికే ఇచ్చెయ్యండి అంటున్నాడు మేనేజర్. లాగిన్ పేజీలో ఎర్రర్ మెసేజ్‌లు బాగుచెయ్యమని ఒకటి ఇచ్చి టీకి వెళ్లొచ్చేసరికి 23 ఫైళ్లు మార్చి పెట్టింది. ఏది ఎందుకు మార్చిందో చూసేసరికి సాయంత్రం అయింది, నేనే రాసుకుంటే గంట పని. తప్పు నాదా దానిదా?

ఇద్దరిదీ కాదండీ, ఆ టికెట్‌ది. 'బాగుచెయ్యి' అన్నారు చూడండి, అక్కడే వచ్చింది గొడవ. మేస్త్రీకి తాళాలిచ్చి బాత్రూమ్ సంగతి కొంచెం చూడు అని ఊరెళ్తే తిరిగొచ్చేసరికి టైల్స్ మొత్తం పీకి ఉంటాయా లేదా? అతను మోసం చెయ్యలేదు, 'చూడు' అంటే ఎంతవరకో మీరు చెప్పలేదు అంతే.

ముందు ఒక చిన్న తేడా గుర్తుపెట్టుకోవాలి, చాట్‌లో అడిగి కోడ్ కాపీ పేస్ట్ చేసుకోవడం వేరు, ఏజెంట్ వేరు. చాట్‌లో ప్రతి ముక్కా మీ చేతిమీదుగా వెళ్తుంది. ఏజెంట్ అలా కాదు, అదే ఫైళ్లు చదువుతుంది, అదే మారుస్తుంది, అదే కమాండ్ రన్ చేసి ఎర్రర్ వస్తే అది చదువుకుని మళ్లీ మారుస్తుంది, ఇలా పని అయిపోయిందని దానికి అనిపించేదాకా తిరుగుతూనే ఉంటుంది. 2024 మార్చిలో డెవిన్ అనే ఏజెంట్ వచ్చినప్పుడు ఇదంతా వింతగా చూశాం, 2025 వచ్చేసరికి క్లాడ్ కోడ్, కోడెక్స్, గూగుల్ వాళ్ల జూల్స్, గిట్‌హబ్ కోపైలట్‌లో ఏజెంట్ అన్నీ వరసపెట్టి దిగాయి. పేర్లు వేరు గానీ లోపల తిరిగే చక్రం ఒకటే. కాబట్టి అసలు ప్రశ్న ఏంటంటే, 'అయిపోయింది' అని అది దేన్ని చూసి అనుకుంటుంది? మీరు చెప్పకపోతే అదే ఒకటి ఊహించుకుంటుంది.

నా లెక్క ప్రకారం ఏజెంట్‌కి ఇవ్వాల్సిన పని ఏదంటే, అయ్యిందో లేదో మీరు పది నిమిషాల్లో చూసి చెప్పగలిగేది. కష్టమా సులువా అన్నది తర్వాత సంగతి. పాత లైబ్రరీ వెర్షన్ మార్చాలి, 40 చోట్ల ఒకే రకం మార్పు ఉంది, కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే టెస్టులు ఉన్నాయి... ఇచ్చెయ్యండి, హాయిగా చేస్తుంది. ఒక బగ్ ఉంది, ఇలా ఇలా చేస్తే ప్రతిసారీ వస్తుంది అని చూపించగలరు... అదీ ఇవ్వొచ్చు. అదే 'పేజీ స్లోగా ఉందని కస్టమర్ అంటున్నాడు' మాత్రం అలాగే ఇవ్వకండి, ముందు ఏ పేజీ, ఎన్ని సెకన్లు, ఎంతకి తగ్గాలి అని మీరు తేల్చాలి.

మీ లాగిన్ టికెట్నే తీసుకోండి. 'తప్పు పాస్‌వర్డ్‌కి, లాక్ అయిన అకౌంట్‌కి ఇప్పుడు ఒకే మెసేజ్ వస్తోంది, రెంటికీ వేరు వేరు రావాలి, మెసేజ్‌లు ఫలానా ప్రాపర్టీస్ ఫైల్‌లో ఉన్నాయి, కంట్రోలర్ ఒక్కటే మార్చు, ఆథెంటికేషన్ లాజిక్ ముట్టుకోవద్దు, రెండు కేసులకీ టెస్ట్ రాయి, ముందు అవి ఫెయిల్ అవ్వడం చూపించి ఆ తర్వాత మార్చు' అని రాస్తే ఐదు లైన్లు. ఇందులో నాకు బాగా పనికొచ్చేది 'ముట్టుకోవద్దు' అన్న ముక్కే, మన వాళ్లు ఏం చెయ్యాలో రాస్తారు, ఏం చెయ్యకూడదో రాయరు. పెద్ద పనైతే ముందు ప్లాన్ మాత్రమే రాసి ఆగమనండి. ఆ ప్లాన్ చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది, 23 ఫైళ్లు అక్కడే కనిపించి ఉండేవి.

నా కథ ఒకటి చెప్తాను, సిగ్గుగానే ఉంది కానీ ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. మా అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ సెంటర్ నడుపుతుంది, ఫీజు గుర్తుచేసే ఎస్ఎమ్ఎస్‌లు పంపే చిన్న ప్రోగ్రామ్ నేనే రాసిచ్చాను ఎప్పుడో. ఎస్ఎమ్ఎస్ బిల్లు డబుల్ వస్తోందిరా చూడు అంది. నేను ఏజెంట్‌కి 'ఎస్ఎమ్ఎస్ ఖర్చు తగ్గించు' అని ఒక్క లైన్ పడేశాను. అది నాకంటే తెలివిగానే పట్టుకుంది. ఇంగ్లీష్ మెసేజ్ అయితే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే యూనికోడ్ కాబట్టి 70 మాత్రమే, దాటితే రెండు మెసేజ్‌ల డబ్బు. పైగా మన కంటికి కనిపించేవి కాదు లెక్క, ఒత్తులూ గుణింతాలూ అన్నీ విడివిడిగా లెక్కేస్తారు. 'మీ అబ్బాయి ఫీజు బాకీ ఉంది' అన్నది చూడ్డానికి 10 అక్షరాలు, 4 ఖాళీలు, కానీ ఫోన్ కంపెనీ లెక్కలో 25. బ్బా ఒక్కటే నాలుగు తింటుంది. మా మెసేజ్ 70 దాటిపోతోందని కనిపెట్టి, వాక్యం కుదించి, 70 లోపే ఉండాలని టెస్ట్ కూడా రాసి, టెస్టులన్నీ పాస్ అయినట్టు పచ్చగా చూపించింది. రాత్రి పదకొండింటికి చూశాను, భలే అనుకుని మెర్జ్ కొట్టి, అంటే ఆ మార్పుల్ని అసలు కోడ్‌లో కలిపేసి పడుకున్నాను.

ఒకటో తారీఖు ఒక్క పేరెంట్‌కీ మెసేజ్ పోలేదు. ఎందుకంటే మన దేశంలో బిజినెస్ ఎస్ఎమ్ఎస్ పంపాలంటే ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఆ మెసేజ్ టెంప్లేట్‌ని (వాక్యం నమూనాని) డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్ట్రీలో ముందే రిజిస్టర్ చెయ్యాలి, పంపే మాట దానికి సరిపోకపోతే దారిలోనే ఆపేస్తారు. మేం రిజిస్టర్ చేసింది పాత వాక్యం. తర్వాత ఏజెంట్నే అడిగితే డీఎల్‌టీ గురించి పేజీడు చెప్పింది, అంటే దానికి తెలియక కాదు, నా కోడ్‌లో టెంప్లేట్ ఐడీ ఒక పొడుగాటి నంబర్‌గా పడి ఉంది తప్ప పక్కన ఒక్క కామెంట్ లేదు, ఆ వాక్యం ముట్టుకోకూడదని దానికెలా తెలుస్తుంది? అక్క మాత్రం ఏజెంట్‌ని ఏమీ అనలేదు, నన్నే అంది, అదీ అమ్మ ముందర.

ఇప్పుడు ఆ ప్రాజెక్ట్‌లో ఏజెంట్ మొదట చదివే ఫైల్ ఒకటి పెట్టాను, క్లాడ్ కోడ్‌కి అయితే క్లాడ్ డాట్ ఎండీ, మిగతా చాలావాటికి ఏజెంట్స్ డాట్ ఎండీ అంటారు. అందులో మొదటి లైన్ 'మెసేజ్ వాక్యాలు మార్చకు, డీఎల్‌టీలో ఉన్నవి ఇవే'. మీ టీమ్‌లో కూడా సీనియర్ల తలల్లో మాత్రమే ఉన్న ఇలాంటి సంగతులు బోలెడు ఉంటాయి, అవి ఆ ఫైల్‌లోకి దించడమే ఈ నెల మీ అసలు పని అనుకోండి. అలాగని యాభై పేజీలు నింపొద్దు, దానికి గుర్తుండే జాగా పరిమితమే, ఎక్కువైతే ముఖ్యమైనవి కూడా అందులో మునిగిపోతాయి. పొద్దున్నుంచీ ఒకే సెషన్‌లో పది పనులు చెప్పుకుంటూ పోయినా అంతే, పని మారితే కొత్త సెషన్ తెరవండి.

రివ్యూ చేసేటప్పుడు ముందు టెస్ట్ ఫైళ్లలో ఏం మారిందో చూడండి, కోడ్ తర్వాత. టెస్ట్ పాస్ అవ్వట్లేదని టెస్ట్‌నే మార్చేసిన సందర్భాలు నేనే మూడుసార్లు పట్టుకున్నాను.

నేనే రాసుకుంటే గంటలో అయ్యేది అన్నారు, అది ఉత్త గొణుగుడేం కాదు. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవమున్న ఓపెన్ సోర్స్ డెవలపర్లతో, వాళ్లకి ఏళ్లుగా అలవాటైన సొంత ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించి చూసింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది, వాళ్లేమో 20 శాతం త్వరగా అయిందనుకున్నారు! ఆ టూల్స్ అప్పటివి, ఇప్పుడు మారాయి, పైగా తెలియని కోడ్‌లో లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ త్వరగా అయిందన్న ఫీలింగ్‌ని నమ్మకండి, రెండు వారాలు టైమ్ రాసుకుని ఆ కాగితం పెట్టండి మేనేజర్ ముందు.

అమీర్‌పేట హాస్టల్ నుంచి ఒక తమ్ముడు: అన్నా, నాది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. ఏజెంట్ నడవాలంటే గ్రాఫిక్స్ కార్డున్న కొత్తది కావాలని మా రూమ్మేట్ అంటుండు. నాన్నని అడగాల్నా వద్దా?

అడగకు తమ్మీ. ఆలోచించేదంతా వాళ్ల సర్వర్లో జరుగుతది, నీ ల్యాప్‌టాప్‌లో నడిచేది ఫైళ్లు చదివి రాసే చిన్న ప్రోగ్రామ్ మాత్రమే, నీ 8 జీబీకి ఏం కాదు. జూల్స్ లాంటివైతే కోడ్ కూడా వాళ్ల మెషీన్‌లోనే రన్ అవుతది. మోడల్‌ని కూడా నీ ల్యాప్‌టాప్‌లోనే పెట్టి నడపాలనుకుంటేనే నీ రూమ్మేట్ చెప్పింది కరెక్ట్. ఒకటే మాట, మినీ ప్రాజెక్ట్ మొత్తం దానితో రాయించినా సరే, వైవాలో ఈ ఫంక్షన్ ఏం చేస్తదని అడిగితే చెప్పేటట్టు ఉండాలె, లేకపోతే ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్నకే దొరికిపోతవ్.

బేగంబజార్ నుంచి ఒక వ్యాపారి: డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్ అండీ మాది. మా మేనల్లుడు ఏజెంట్‌తో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడు, బాగానే ఉంది. అది ప్రతిదానికీ పర్మిషన్ అడుగుతోందని అన్నిటికీ ఒకేసారి ఓకే పెట్టేశాడు. షాపులో నడిచే కంప్యూటర్ మీదే చేస్తున్నాడు. ప్రమాదమేమన్నా ఉందా?

ఉందండీ, ఇవాళే ఆపించండి. సాఫ్ట్‌వేర్ చెయ్యడం ఆపొద్దు, ఆ కంప్యూటర్ మీద చెయ్యడం ఆపమనండి.

మీ పాత బిల్లులు, ఎవరి దగ్గర ఎంత ఉద్దెర ఉందో అన్నీ అందులోనే కదా. టెస్ట్ చెయ్యడానికి టేబుల్ ఖాళీ చేసి మళ్లీ నింపడం ఏజెంట్లకి మామూలే, అది మీ అసలు ఖాతా అని దానికి తెలియాల్సిన పనిలేదు. కోడ్ పోతే, పాత వెర్షన్లు దాచిపెట్టే గిట్‌లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు, డేటాబేస్‌లో వరసలు డిలీట్ అయితే గిట్ ఏమీ చెయ్యలేదు, బ్యాకప్ ఉంటేనే దిక్కు. అందుకని ఉత్తుత్తి కస్టమర్లు, ఉత్తుత్తి బిల్లులతో వేరే కంప్యూటర్లో చెయ్యమనండి, అన్నిటికీ ఓకే పెట్టుకున్నా అక్కడ పోయేదేం లేదు, ఇంకా జాగ్రత్త కావాలంటే మిగతా కంప్యూటర్ నుంచి వేరు చేసిన గదిలాంటి డాకర్ కంటైనర్లో పెట్టమనండి, మేనల్లుడికి తెలిసే ఉంటుంది. పేమెంట్ గేట్‌వే కీలు, పాస్‌వర్డ్‌లు ఉన్న ఫైల్ ఆ ఫోల్డర్లో ఉండకూడదు, ఏజెంట్ చదివిన ప్రతిదీ బయట సర్వర్‌కి వెళ్తుంది. ఇంటర్నెట్‌లో పేజీలు చదివే పర్మిషన్ ఇచ్చి ఉంటే ఇంకో తలనొప్పి, ఆ పేజీలో ఎవరైనా దొంగ ఆదేశం రాసి పెడితే అది మీరు చెప్పిన పనే అనుకుని చేసేసే అవకాశం ఉంది, దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు, పూర్తి మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు.

జీఎస్టీ లెక్క మాత్రం మీరే పరీక్షించండి. కిందటి నెల అసలు బిల్లులు ఓ ఇరవై ఏరండి, అందులో వాపసు వచ్చిన సరుకువి రెండు, డిస్కౌంట్ ఇచ్చినవి రెండు ఉండేలా చూసుకుని, కస్టమర్ పేర్లు తీసేసి మేనల్లుడికి ఇవ్వండి. పైసలతో సహా సరిపోవాలి. రౌండింగ్ ప్రతి ఐటమ్‌కీ చేస్తోందా బిల్లు చివర ఒక్కసారే చేస్తోందా అన్నది మీ సీఏ గారిని అడిగి, ఆయన చెప్పింది రాసి ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్లోనే పెట్టమనండి.

ఉప్పల్ నుంచి ఒక మేడమ్: ఆఫీసులో ఏజెంట్ ఇంకా ఇవ్వలేదు, నా సొంత అకౌంట్‌లో ఆఫీస్ కోడ్ పెట్టి చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

సెక్యూరిటీ టీమ్‌కి తెలుస్తుందండీ. ఆఫీస్ ల్యాప్‌టాప్ నుంచి ఏ సైట్‌కి ఏం వెళ్తోందో చాలా కంపెనీలు చూస్తూనే ఉంటాయి, పైగా ఆ కోడ్ మీది కాదు, చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో రాసే ఉంటుంది. ఐటీ వాళ్లకి ఒక మెయిల్ పెట్టి అడగండి.