పైగుడ్డ వెనకబడిపోతే

మల్లేశ్వరం,
బెంగళూరు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోను కళ్లజోడు మార్చుకుని మరీ చూశాను. బొంత చివర పైగుడ్డ రెండు వేళ్లంత మిగిలిపోయింది. అడ్డకుట్లు నిలువుకుట్లను దాటే చోటల్లా ముడతలు పడి దారం కింద ఇరుక్కున్నాయి. “మిషను పాడైపోయింది పెద్దమ్మా, ఇంకొకటి కొనుక్కోమంటావా?” అని అడిగావు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నీకు వర్తించదులే. నీ చేయీ బాగుంది, మద్దెలా బాగుంది. జాకెట్లకూ లంగాలకూ తయారైన మిషను కింద నువ్వు దూది బొంత పెట్టావు, అంతే.

ముందు ఒక పని చెయ్యి. సూది దగ్గర గుడ్డను నొక్కే ఫుట్ పైకెత్తి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ సూది కింది పళ్లను గమనించు. అవి పైకి లేస్తాయి, వెనక్కి జరుగుతాయి, మునుగుతాయి, మళ్లీ ముందుకు వస్తాయి. గుడ్డను నడిపించేది ఆ పళ్లే. పైనున్న ఫుట్ నొక్కి పట్టుకుంటుందే కానీ నడిపించదు. పలుచని గుడ్డలైతే పైది కిందిదాన్ని అంటిపెట్టుకుని వెళ్లిపోతుంది. మధ్యలో దూది పొర చేరితే ఆ పట్టు సడలుతుంది. కింది గుడ్డ పళ్లతో పాటు వెళ్తుంది, పై గుడ్డను ఫుట్ నీ వైపుకు తోస్తూ ఉంటుంది. కుట్టు కుట్టుకూ వెంట్రుకవాసి తేడా. ఆరడుగుల బొంత చివరికి వచ్చేసరికి అదే రెండు వేళ్లు.

ఆ తేడాను కొలవచ్చు. నీ బొంతకు వాడిన పైగుడ్డ, దూది షీటు, అడుగుగుడ్డ నుంచి అడుగు పొడవు, బెత్తెడు వెడల్పు పట్టీలు సరిసమానంగా కత్తిరించు. ఒకదాని మీద ఒకటి పేర్చి, పిన్నులు పెట్టకుండా, చేత్తో లాగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టు. పై పట్టీ ఎంత మిగిలిందో స్కేలుతో చూసి, దాని మీదే పెన్సిలుతో రాసిపెట్టు. ఇకపై ఏ ఫుట్ కొన్నా, ఏ స్క్రూ తిప్పినా ఇదే నీ తీర్పరి. దుకాణంవాడి మాటా కాదు, నా మాటా కాదు.

ఏమీ కొనకుండానే ఆ తేడాను చాలావరకు తగ్గించవచ్చు. ఫుట్ కడ్డీ పైన, లేదా కొన్ని మిషన్లలో పక్కన, ఒత్తిడి తగ్గించే స్క్రూనో డయలో ఉంటుంది. మందపాటి పొరలకు దాన్ని సడలించాలి. గట్టిగా నొక్కేకొద్దీ పై గుడ్డ నీ వైపుకు తోసుకువస్తుంది. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్ల దగ్గర పెట్టు, రెండుకు తగ్గించకు. సూది పద్నాలుగో నంబరు చాలకపోతే పదహారు వెయ్యి. మొద్దుబారిన సూది పొరలను గుచ్చడానికి బదులు కిందికి ఈడుస్తుంది. ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చాలని నేర్పుతారు. సూది దగ్గర పిసినారితనం నాకూ ఉండేది, ఇప్పుడు మానుకున్నాను.

కచ్చా కుట్టు మాత్రం వదలకు. మూడు పొరలనూ నేల మీద పరిచి, నడుమ నుంచి అంచులకు బెత్తెడేసి దూరంలో చేత్తో పొడవాటి కుట్లు వెయ్యి. మిషను మీద కుట్టేటప్పుడు కూడా నడుమనే మొదలుపెట్టి బయటికి రావాలి. మిగులు ఏదైనా ఉంటే అంచుకు చేరి బయటపడుతుంది, మధ్యలో చిక్కుకోదు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే ముక్కల బొంతకు పద్ధతి సరిగ్గా తలకిందులు. వాళ్లు అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు, చివరగా మూలల్లో ‘ఫుల’ అనే మడత ముక్కలు కుడతారు. వాళ్లది చేతికుట్టు. ప్రతి ముక్కనూ అప్పటికప్పుడు వేళ్లతో సర్దుకుంటూ పోతారు కాబట్టి సాగుతుంది. మన మిషనుకు ఆ వేళ్లు లేవు.

వేళ్లు లేని లోటును కొంత తీర్చేదే వాకింగ్ ఫుట్. మామూలు ఫుట్ కన్నా పెద్దది, చూడటానికి అరచేతిలో మిడత కూర్చున్నట్టు ఉంటుంది. దాని అడుగున కూడా పళ్లుంటాయి. పక్కన పొడుచుకు వచ్చిన చెయ్యి, సూదిని బిగించే స్క్రూ మీద కూర్చోవాలి. సూది లేచినప్పుడు ఆ చెయ్యి లేచి, పై పళ్లను గుడ్డ మీదికి దించుతుంది. కింది పళ్లు వెనక్కి జరిగితే మధ్యలో ఉన్న పొరలన్నిటినీ పట్టుకుని పై పళ్లూ కలిసి నడుస్తాయి. సూది దిగినప్పుడు స్ప్రింగు వాటిని మళ్లీ ముందుకు తెస్తుంది. చప్పుడు టకటకమంటుంది, కంగారు పడకు. ఆ చెయ్యి స్క్రూ మీద కాకుండా కింద పడితే మాత్రం పై పళ్లు కదలవు. కొత్తవాళ్లు చేసే తప్పు అదే.

ఇందులో ఒక మెలిక ఉంది, నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఆ పై పళ్లకు సొంత బలం లేదు, కింది పళ్లు నడిపిస్తేనే నడుస్తాయి. మా ఇంట్లో ఉన్నది పాత నల్ల మిషను, నేరు కుట్టు తప్ప మరొకటి రాదు, కింది పళ్లు ఇరుకుగా ఉంటాయి. పదిహేనేళ్ల కిందట ఒక దుకాణంలో ముప్పై రెండు ఫుట్‌లున్న పెట్టె కొన్నాను. “ఏ మిషనుకైనా పడుతుందమ్మా” అన్నాడు. అందులోని వాకింగ్ ఫుట్ జిగ్‌జాగ్ మిషన్ల కోసం చేసినది, దాని పళ్లు వెడల్పు. నా మిషనులో ఆ పై పళ్ల కింద నడిపించే పళ్లే లేవు, ఉత్త ఇనుప పలక ఉంది. పొరలు కదలకపోగా మొండికేశాయి. మార్చివ్వమంటే ఆయన మొహం చాటేశాడు. ఆ ముప్పై రెండింటిలో ఇన్నేళ్లలో వాడినవి మూడు. పెట్టె ఇప్పుడు గుండీలకు పనికొస్తోంది.

అందుకని కొనేముందు మూడు చూసుకోవాలి. మొదటిది షాంక్ ఎత్తు, అంటే ఫుట్‌ను బిగించే కాడ ఎత్తు. ఫుట్‌ను దించి, సూది కింది పలక నుంచి ఫుట్‌ను బిగించే స్క్రూ నడిమధ్యకు కొలువు. ముప్పావు అంగుళం దగ్గర ఉంటే లో షాంక్, అంగుళం దాటితే హై షాంక్. ఇళ్లల్లో వాడేవి ఎక్కువగా లో షాంకే అయినా కొలవకుండా నమ్మకు. రెండోది కింది పళ్ల వెడల్పు. మూడోది సూది స్క్రూ ఏ వైపుకు ఉందో, వాకింగ్ ఫుట్ చెయ్యి దాన్ని అందుకుంటుందో లేదో. నీది తెల్ల జిగ్‌జాగ్ మిషను కాబట్టి నా బాధ నీకు ఉండకపోవచ్చు.

వాకింగ్ ఫుట్ తిన్నని గీతలకూ, మెల్లగా వంగే గీతలకూ మంచిది. దానితో వెనక్కి కుట్టకు. మొదట్లో, చివర్లో నాలుగైదు చిట్టి కుట్లు వేసి ముడి బిగించుకోవాలి. వేగం పెంచకు. గీత గీతకూ దూరం సమానంగా రావాలంటే దాని వెనక దూర్చే వంపు కడ్డీ ఒకటి ఇస్తారు, పారేయకు. కమలాలు, తీగలు, నెమళ్లు కుట్టాలనుకుంటే ఇది పనికిరాదు. దానికి స్ప్రింగు ఉన్న డార్నింగ్ ఫుట్ కావాలి. కింది పళ్లను దించేసి, గుడ్డను నీ చేతులతోనే తిప్పాలి. కుట్టు పొడవు అప్పుడు నీ చేతి వేగం మీద ఆధారపడుతుంది. నాకు అది చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. తిన్నని గీతలు నీటుగా వచ్చేదాకా అటు చూడకు.

రోలర్ ఫుట్, టెఫ్లాన్ ఫుట్ కూడా అంటగడతారు. రెక్సిను, తోలు లాంటివి ఫుట్‌కు అంటుకుని జరగనప్పుడు అవి ఉపయోగం. పొరలు జారే జబ్బుకు మందు కావు. మిషనులోనే పైనుంచి కూడా గుడ్డను నడిపించే ఏర్పాటు ఉన్నవీ ఉన్నాయి. పాఫ్ కంపెనీ 1968 నుంచి అలాంటివి చేస్తోంది. హాయిగా ఉంటాయి, కానీ రెండు బొంతల కోసం అంత ఖర్చు నేను పెట్టను. కారు సీట్ల కవర్లు కుట్టే పెద్ద మిషన్లలో ఏకంగా సూది కూడా గుడ్డతో పాటు వెనక్కి నడుస్తుంది. జె.సి. రోడ్డు వైపు వెళ్తే ఒకసారి చూసిరా, సరదాగా ఉంటుంది. ఇంటికి మాత్రం వద్దు.

మరొకటి మరిచాను. బొంత బల్ల మీద నుంచి వేలాడుతుంటే దాని బరువే గుడ్డను లాగేస్తుంది, ఎంత ఖరీదైన ఫుట్ ఉన్నా లాభం లేదు. ఎడమ పక్క మరో బల్లనో, ఇస్త్రీ బల్లనో ఆనించి బరువంతా దాని మీద వెయ్యి. మీ అమ్మ పాత చీరలతో కుడతానన్నావు కదా, మధ్య పొరల్లో నైలాను, పట్టు పెట్టకు. మన ఊళ్లో అమ్మమ్మ నూలు చీరలే నాలుగైదు పేర్చి చేత్తో కుట్టేది. ఇక్కడ కన్నడవాళ్లు కౌది అంటారు, అదీ ఇదీ అక్కాచెల్లెళ్లే. జనవరి తెల్లవారుజామున మల్లేశ్వరంలో నేను కప్పుకునేది ఇప్పటికీ అదే.

చిక్‌పేట బజారుకు వెళ్తానన్నావు. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైనులో మెజెస్టిక్ దాకా వచ్చి గ్రీన్ లైను మారితే తర్వాతి స్టేషనే. వెళ్తే నీ మిషను ఫుట్ ఒకటి విప్పి సంచిలో వేసుకో, పట్టీలు కూడా పట్టుకెళ్లు. కానీ ఇప్పుడే వెళ్లకు. ఇవాళ రాత్రి స్కేలు తీసి షాంక్ కొలిచి నాకు ఫోను చెయ్యి. ముప్పావు అంగుళం అన్నావంటే, నా గుండీల పెట్టె అడుగున ఉన్న ఆ వెడల్పాటి వాకింగ్ ఫుట్‌కు నూనె వేసి ఆదివారానికి సిద్ధం చేస్తాను. పదిహేనేళ్లుగా అది నీ మిషను లాంటి దాని కోసమే కూర్చుని ఉందేమో, తగిలించి చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ