పచ్చి గుడ్డు తాగితేనే బలమా?

ప్రశ్న: సార్, మా బాబు ఇంటర్ బైపీసీ, ఈ మధ్యే జిమ్‌లో చేరాడు. పొద్దున్నే నాలుగు పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకుని తాగుతున్నాడు. ఉడకబెట్టి ఇస్తానంటే, వేడికి ప్రోటీన్ డీనేచర్ అవుతుంది, ఇక తిన్నా వేస్టే అని పుస్తకం తెచ్చి చూపిస్తాడు. నాకేమో పచ్చి గుడ్డంటే టెన్షన్. ఎవరిది కరెక్టు?
– ఒక అమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, పుస్తకంలో ఉన్నది నిజమే, బాబు దానికి చెప్పుకున్న అర్థమే తప్పు. మీరు ఉడకబెట్టే ఇవ్వండి.

ప్రోటీన్ అంటే ఒక పూసల దండ అనుకోండి. పూసలు అమైనో ఆమ్లాలు, 20 రకాలు. ఏ పూస తర్వాత ఏది రావాలో జన్యువుల్లో రాసి ఉంటుంది. ఈ దండ బారుగా ఉండదు, కొన్నిచోట్ల స్ప్రింగులా చుట్టుకుని, కొన్నిచోట్ల మడతలు పడి, నీళ్ళంటే పడని పూసలు లోపలికి దాక్కుని చివరికి ఒక ఆకారానికి వస్తుంది, కొన్నిసార్లు రెండు మూడు దండలు కలిసి పనిచేస్తాయి, రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌లో అయితే నాలుగు. అన్నం అరిగించే ఎంజైమ్ అయినా, రోగంతో కొట్లాడే యాంటీబాడీ అయినా ఆకారం సరిగ్గా ఉంటేనే పనిచేస్తుంది.

తెల్లసొన 60 డిగ్రీలు దాటాక గట్టిపడటం మొదలవుతుంది. మడతల్ని పట్టి ఉంచే బలహీనమైన బంధాలు తెగి, దండలు విప్పుకుని, వరంగల్ కొత్తవాడ మగ్గాల దగ్గర చిక్కుపడ్డ నూలులాగా ఒకదానికొకటి పెనవేసుకుపోతాయి. డీనేచర్ అవడమంటే ఇంతే. పూసకీ పూసకీ మధ్య ఉండే పెప్టైడ్ బంధం మాత్రం ఆ వేడికి తెగదు. ఆకారం పోయింది గానీ సరుకు ఎక్కడికీ పోలేదు.

ఒంటికి కావలసింది ఆ సరుకే. పచ్చిగా తాగినా కడుపులో ఆమ్లం మొదట చేసే పని డీనేచర్ చేయడమే! ఆ తర్వాత పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ లాంటి ఎంజైములు దాన్ని విడి పూసలుగా, రెండు మూడు పూసల తునకలుగా కత్తిరిస్తేనే పేగు పీల్చుకోగలదు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇన్సులిన్ సూదితో ఎందుకిస్తారో బాబుని అడగండి. అది 51 అమైనో ఆమ్లాల ప్రోటీన్, మింగితే గుడ్డులాగే అరిగిపోతుంది. విప్పుకున్న దండని కత్తిరించడం తేలిక కాబట్టి ఉడికిన గుడ్డే బాగా వంటపడుతుంది. 1998లో బెల్జియంలో కొద్దిమంది మీద చేసిన పరీక్షలో ఉడికిన గుడ్డు ప్రోటీన్ సుమారు 90 శాతం అరిగితే, పచ్చిది సగమే అరిగింది. పైగా ఉడకని తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రోటీన్, బయోటిన్ అనే విటమిన్‌ని ఒంటికి అందనివ్వదు, వాంతులు విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఎలాగూ ఉంది.

ఆకారమంటే చిన్న విషయమని మాత్రం అనుకోవద్దు. మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది కదా, హీమోగ్లోబిన్‌లోని బీటా దండలో 146 పూసలుంటే, ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ వచ్చి కూర్చుంది, అంతే తేడా. ఆక్సిజన్ తగ్గగానే ఆ హీమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా తయారై, గుండ్రటి రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. అవి సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటే పిల్లలు ఒళ్ళు నొప్పులతో ఎంత విలవిల్లాడతారో చూసినవాళ్ళకి తెలుస్తుంది. అమ్మా నాన్నా ఇద్దరికీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అందుకే ఆ ప్రాంతం వాళ్ళు పెళ్ళికి ముందే రక్తపరీక్ష చేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇక బాబు తిండి. ఆ 20 అమైనో ఆమ్లాల్లో తొమ్మిదింటిని మన ఒళ్ళు తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. గుడ్డులో అన్నీ ఉన్నాయి, ఒక్కోదాంట్లో సుమారు 6 గ్రాముల ప్రోటీన్. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, మెథియోనిన్ అనేది పప్పులో తక్కువ, రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. జిమ్ పిల్లలు పప్పన్నాన్ని చిన్నచూపు చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: సార్, దసలి పట్టు చీర మీద రక్తం మరక పడింది. వేడినీళ్ళలో నానబెట్టి సర్ఫ్ వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, చెన్నూరు

జవాబు: రెండూ వద్దమ్మా. వేడినీళ్ళు తగిలితే రక్తంలోని ప్రోటీన్ గుడ్డులాగే గట్టిపడి దారానికి పట్టేస్తుంది, కాబట్టి చల్లనీళ్ళే వాడండి. పట్టు కూడా ఫైబ్రోయిన్ అనే ప్రోటీనే, మీ అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే పురుగు కట్టిన గూడు లోంచి తీసిన దారం అది. మరకలు పోగొడతాయనే చాలా పౌడర్లలో ప్రోటీన్‌ని తినే ఎంజైములు ఉంటాయి, అవి మరకతో పాటు పట్టునీ కొరికేస్తాయి. ముందు చల్లనీళ్ళలో మెల్లగా జాడించండి, పోకపోతే పట్టుబట్టల కోసమే అమ్మే ద్రవం కాస్త వేసి, పిండకుండా నీడలో ఆరేయండి.