వాతావరణ అధికారి ఉద్యోగం అంటే కుర్చీ పనేనా?

“మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతోంది. సైన్యంలో వాతావరణ అధికారిగా వెళ్తానంటోంది. అక్కడ తుపాకీ పట్టాలా, లేక కుర్చీలో కూర్చునే పనేనా?” అని మీరు అడిగారు. నేనూ అదే విభాగంలో చదివాను. నౌకాదళంలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేశాను. ఇప్పుడు విశాఖపట్నం మద్దిలపాలెంలో విశ్రాంతిగా ఉన్నాను కాబట్టి తీరిగ్గా చెబుతాను.

తుపాకీ పట్టాలి. శిక్షణలో అందరితో పాటు పరుగు, కవాతు, కాల్పులు అన్నీ ఉంటాయి. ఆ తర్వాత దాని అవసరం పెద్దగా రాదు. కుర్చీ ఉంటుంది గానీ, అందులో నిశ్చింతగా కూర్చున్న రోజులు తక్కువ.

నేను చేరేటప్పుడు మా నాన్న “వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి ఎరుకరా, దానికి కూడా జీతం ఇస్తారా?” అన్నారు. కొచ్చిలో నౌకాదళ వాతావరణ శిక్షణ ముగించి మొదటి విమాన స్థావరానికి వెళ్లాక ఆ మాట విలువ తెలిసింది. పైలట్లకు ఇప్పటి వాతావరణంతో పని లేదు. అది వాళ్లకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. వాళ్లడిగేది ఒకటే: “మూడు గంటల తర్వాత తిరిగి వచ్చేసరికి ఇక్కడ దిగగలమా?” మబ్బు ఎన్ని వందల అడుగులకు దిగుతుంది, రన్‌వే ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, దిగలేకపోతే ఏ రన్‌వే తెరిచి ఉంటుంది, ఇవన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. అందుకోసం తెల్లవారుజామున మూడింటికే లేవాలి. ప్రపంచమంతా ఒకే సమయానికి బెలూన్లు ఎగరేసి పైగాలుల లెక్క తీస్తుంది, మన గడియారంలో అది ఉదయం, సాయంత్రం ఐదున్నర ప్రాంతం. ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ లెక్కలు వచ్చాక పని సులువైంది, కానీ సంతకం మాత్రం మనదే.

నా తప్పు ఒకటి చెబుతాను. పడమటి తీరంలో ఒక స్థావరం, పేరు అనవసరం. మే నెల మధ్యాహ్నం కొండల మీద మేఘం గోపురంలా లేచింది. ఐదింటికి నలభై నాట్ల గాలి వస్తుందని రాశాను. నాట్లంటే వరినాట్లు కావు, నలభై నాట్లంటే గంటకు దాదాపు 74 కిలోమీటర్లు. హెలికాప్టర్లన్నిటినీ షెడ్డుల్లోకి తోశారు, ఎగరడం ఆపేశారు. మేఘం కొండల మీదే కురిసి చేతులు దులుపుకుంది. మా దగ్గర ఒక్క చినుకు పడలేదు. వారం రోజుల పాటు భోజనాల దగ్గర నా మీద జోకులే. మూడు వారాలకు మళ్లీ అలాంటి మేఘమే వచ్చింది. ఈసారి భయపడి “గాలి వచ్చే అవకాశం ఉంది” అని రాశాను. ఆ మాటను ఎవరూ లెక్క చేయలేదు. వానకు ముందే మేఘం కింది నుంచి చల్లగాలి విరుచుకుపడింది, బయట నిలిపి ఉన్న హెలికాప్టరు రెక్క ఒకటి వంగిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అంతవరకు అదృష్టం. విచారణలో నా కాగితం మీద ఆ నాలుగు మాటల కింద ఎర్ర గీత గీసి చూపించారు. అప్పటి నుంచి వస్తుందనో రాదనో తేల్చి రాశాను. తప్పినప్పుడు తిట్లు తిన్నాను.

నౌకాదళంలో పని ఆకాశంతో అయిపోదు, నీళ్లలో కూడా వాతావరణం ఉంటుంది. ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూసే ఉంటారు. అలాంటిదాన్ని ధ్వనితోనే వెతకాలి. మధ్యాహ్నం ఎండకు పైనీరు వేడెక్కితే ధ్వని కిందికి వంగిపోతుంది. ఉదయం దొరికేది సాయంత్రానికి దొరకదు. బంగాళాఖాతంలో గోదావరి, మహానది, గంగల మంచినీరు పైన పొరలా పరుచుకుని లెక్కను ఇంకా తికమక పెడుతుంది. ఓడ మీద నుంచి ఉష్ణోగ్రత కొలిచే పరికరం నీళ్లలోకి వదిలి ఆ గీతలు చదవడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని.

మన ఊరు తుఫానుల దారిలో ఉంది కాబట్టి హుద్‌హుద్ గురించి చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పటికి నేను ఉద్యోగం నుంచి బయటికి వచ్చేశాను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. కైలాసగిరి మీద వాతావరణ శాఖ రాడారు కూడా దెబ్బతింది. తుఫాను కన్ను మా మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగింది. వీధిలో వాళ్లు తుఫాను వెళ్లిపోయిందనుకుని బయటికి వచ్చారు. ఈశాన్యం నుంచి వీచిన గాలి ఇప్పుడు నైరుతి నుంచి తిరిగి కొడుతుందని నేను గేటు దగ్గర నిలబడి అరిచాను. పక్కింటి పెద్దాయన “మీరు రిటైరయ్యారు కదండీ” అంటూనే లోపలికి వెళ్లారు. ఇలాంటి తుఫాను ముందు ఓడలను రేవులో ఉంచరు, నడిసముద్రంలోకి పంపేస్తారు. కట్టు మీద ఉంటే గట్టుకు కొట్టుకుని పగులుతాయి. ఎప్పుడు పంపాలో చెప్పాల్సింది ఈ అధికారే, ఆలస్యమైతే రేవు దాటడమే కష్టం.

ఇక మీ అమ్మాయి సంగతి. వైమానిక దళంలో వాతావరణ శాఖకు ఏఎఫ్‌క్యాట్ అనే వైమానిక దళ ప్రవేశ పరీక్ష రాయాలి, అమ్మాయిలు కూడా రాయవచ్చు. వయసు 20 నుంచి 26 ఏళ్లు. డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి, ఆమెకు ఆ చిక్కు ఉండకపోవచ్చు. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో శిక్షణ మొదలవుతుంది. షార్ట్ సర్వీసులో, అంటే పరిమిత కాలపు ఉద్యోగంలో, పదేళ్లు, ఆపైన నాలుగేళ్ల వరకు పొడిగింపు, పింఛను ఉండదు. ఆ లెక్క ఇంట్లో ముందే మాట్లాడుకోండి. బదిలీలు రెండు మూడేళ్లకొకటి, ఎడారి అయినా అస్సాం అయినా కాదనకూడదు. మా ఆవిడ పద్నాలుగు ఇళ్లు సర్దింది. పదిహేనోది మద్దిలపాలెం, దీన్ని మాత్రం ఇక సర్దనంటోంది.