బోటు ముక్కు మీది పసుపు

తమ్ముడూ,

మన నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె చేపల హార్బరు మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే సముద్రం మూడుసార్లు తల్లయింది, ఒకసారి ప్రియురాలైంది. పాపం, దాన్ని కాసేపు ఉప్పునీళ్లుగా ఉండనీయరాదా?

నీ కథ జరిగేది మే నెలలో. తెల్లవారుజామున మరపడవలు వేటకు పోతున్నాయన్నావు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలకు వేట బంద్. సిగ్గుపడకు, ఈ తప్పు నేనూ చేశాను. నా తొలి కథ అచ్చయ్యాక మైపాడులో ఒక పెద్దాయనకు గొప్పగా చదివి వినిపించాను. ఆయన నోట్లో చుట్ట తీసి, "మేలో వేటేంది సామీ?" అన్నాడు. మిగతా కథ వినలేదు.

నిజానికి నీకు పని ఉండేది ఆ రెండు నెలల్లోనే. బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులు మాటలకు దొరుకుతారు. ఒకాయన చిరిగిన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగబట్టి, ప్లాస్టిక్ సూదితో కన్నూ కన్నూ కలుపుతుంటాడు. ఆ వేలి సందున నైలాన్ దారం కోసిన గీత ఉంటుంది. పేదరికం మీద నువ్వు రాసిన పెద్ద పేరా తీసేసి ఆ గీత పెట్టు. 'నావికులు' అన్న మాట కూడా తీసెయ్, పట్టపుపాళేల్లో, అంటే జాలర్ల పల్లెల్లో, అలా ఎవరూ అనరు.

కృష్ణపట్నం ఓడను 'కొండంత' అని వదిలేశావు. పాస్ లేనిదే పోర్టు లోపలికి పంపరనుకో, బయటి నుంచి కనిపించినంత చాలు. ఓడ ముక్కు పక్కన నిలువుగా తెల్ల అంకెలుంటాయి, ఎంత లోతు మునిగిందో చెప్పే కొలతలు. బొగ్గు దిగేకొద్దీ ఓడ పైకి లేస్తుంది, అంకెలు ఒక్కొక్కటే నీళ్లలోంచి బయటపడతాయి. నిన్న మునిగి ఉన్న ఎర్రరంగు ఇవాళ ఎండలో ఆరుతుంటుంది.

నిషేధం ముగిశాక మళ్లీ వెళ్లు. గంగమ్మకు పూజ చేసి, బోటు ముక్కుకు పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి దించుతారు. అది తిరిగొచ్చేదాకా అక్కడే ఉండు. పసుపు మిగిలిందో లేదో చూసి, ఆ తర్వాతే కథ తిరగరాయి. వచ్చేటప్పుడు మీ వదినకు అరకిలో ఎండు నెత్తళ్లు పట్టుకురా.

మీ అన్న