పెరట్లో కూరగాయలు, కోళ్లు, పిట్టలు: మూడూ కలిసి ఉండాలంటే

ప్రశ్న: ఇంటి వెనక ఆరు సెంట్ల పెరడు ఉంది. నాలుగు మడుల్లో తోటకూర, పాలకూర, వంగ, టమాటా పెంచుతున్నాను. పది గ్రామప్రియ పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటికి పది నెలల వయసు. వదిలేస్తే మడులన్నీ గీకి పోస్తున్నాయి, మూసిపెడితే గుడ్లు తగ్గుతున్నాయి. చలికాలం మొదలైనప్పటి నుంచి తోలుగుడ్లు పడుతున్నాయి, ఒకటి రెండు కోళ్లు గుడ్లు పొడుచుకుని తింటున్నాయి. పిట్టలేమో చల్లిన విత్తనం ఏరుకుపోతున్నాయి, పండిన టమాటాలు పొడుస్తున్నాయి. పిచ్చుకల వల్ల కోళ్లకు కొక్కెర తెగులు (రాణిఖేత్) వస్తుందని, వల కట్టి తరిమేయమని ఇరుగుపొరుగు అంటున్నారు. పొద్దున్నే వాటిని చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం. ఏం చేయమంటారు? – ఒక మహిళా రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, పిట్టల్ని తరమనక్కర్లేదు, కోళ్లను రోజంతా మూసిపెట్టనూ అక్కర్లేదు. ఏ కోడి ఏ మడిలోకి ఎప్పుడు వెళ్లాలో మీ చేతిలో ఉంటే చాలు, మీరు చెప్పిన ఇబ్బందుల్లో సగం తీరిపోతాయి.

కోడి నేలను గీకడం దాని పుట్టుక గుణం. మట్టి గుల్లగా, తడిగా, పేడ ఎరువు కలిసి ఉన్నచోటే పురుగు దొరుకుతుందని దానికి తెలుసు. మీరు కష్టపడి తయారుచేసిన మడి సరిగ్గా అలాంటి చోటే. అందుకే కంచె మడుల చుట్టూ వేయండి, మిగతా పెరడు కోళ్లకు వదిలేయండి. గ్రామప్రియ తేలికపాటి కోడి, నాలుగడుగులు సులువుగా ఎగురుతుంది. వల ఐదడుగుల ఎత్తు ఉండాలి. పైన అడ్డకర్ర కట్టకండి, కర్ర కనిపిస్తే దాని మీద వాలి లోపలికి దూకుతాయి. వల అడుగుభాగం ఒక అడుగు మేర బయటి వైపు మడిచి, మీద మట్టి, రాళ్లు కప్పండి. అప్పుడు కోళ్లు కిందనుంచి తవ్వి రాలేవు, ముంగిసలు కూడా దూరలేవు. ఇంత చేసినా దాటే కోడి ఉంటే, దాని ఒక్క రెక్కకు మాత్రమే చివరి పెద్ద ఈకల్ని సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే మళ్లీ సమతూకం కుదిరి ఎగురుతుంది. నెత్తురు నిండిన లేత ఈకను మాత్రం ముట్టుకోవద్దు. ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక ఈ పని మళ్లీ చేయాల్సి ఉంటుంది.

పంట అయిపోయిన మడిని వెంటనే దున్నకండి. మోళ్లు పీకేసి, ఆ ఒక్క మడికే దారి తెరిచి వారం పది రోజులు కోళ్లను వదలండి. మట్టిలో దాక్కున్న లద్దెపురుగుల కోశాలు, కత్తెర పురుగులు, కలుపు గింజలు ఏరి తింటాయి. తుంగగడ్డలు మాత్రం వాటివల్ల పోవు, అవి మీరే తవ్వి తీయాలి. తర్వాత ఆ మడిలో ఆకుకూర వేయకండి. పచ్చి పెంటలో ఉండే సూక్ష్మజీవులు నేలకు ఆనుకుని పెరిగే ఆకుకు అంటుకుంటాయి. బీర, కాకర, సొర లాంటి పందిరి పాదులు పెట్టండి, కాయ నేలకు తగలదు. ఆ తర్వాతి పంటగా ఆకుకూరకు రావచ్చు. లేత బొప్పాయి, మునగ మొక్కల మొదళ్లలో కోళ్లు గీకి వేళ్లు బయటపెడతాయి కాబట్టి చుట్టూ పిడికెడంత రాళ్లు దగ్గరదగ్గరగా పేర్చండి.

రోజువారీ వేళల విషయానికొస్తే, పొద్దున గుడ్లు పెట్టేదాకా గూట్లోనో, దాన్ని ఆనుకున్న చిన్న ఆవరణలోనో ఉంచి, పది పదకొండు గంటలకు వదలండి. ఎక్కువ పెట్టలు ఆలోపే పెట్టేస్తాయి, గుడ్లు పొదల్లో వెతుక్కునే పని తప్పుతుంది. చీకటి పడేముందు వాటంతట అవే గూటికి చేరతాయి. పదకొండు కోళ్లకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. రెండడుగుల ఎత్తున, ఒక్కో కోడికి జానెడు చోటు వచ్చేలా పొడవునా రెండు వాసాలు కట్టండి.

ఇక తోలుగుడ్ల సంగతి. కోళ్లకు మీరు నూకలు, జొన్నలు మాత్రమే వేస్తుంటే కారణం అదే. ఒక గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి పెట్టకు రోజుకు నాలుగు గ్రాముల దాకా కావాలి. గింజల్లో అది చాలా తక్కువ. కొన్నాళ్లు తన ఎముకల్లోంచి తీసి సర్దుకుంటుంది, ఆ తర్వాత పెంకు పలచబడుతుంది, చివరికి తోలుగుడ్డు పడుతుంది. పెంకు తయారవడానికి సుమారు ఇరవై గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రి పూటే. అందుకని ఆల్చిప్పల గుల్ల గానీ సున్నపురాయి రవ్వ గానీ సాయంత్రం పూట వేరే మూకుడులో పెట్టండి. పెసరగింజంత ముక్కలుగా ఉంటే కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతూ అందుతాయి, మెత్తని పొడి అలా నిలవదు. ఎవరికి ఎంత కావాలో పెట్టలే తింటాయి. పుంజుకూ ఎదిగే పిల్లలకూ అంత కాల్షియం పనికిరాదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దాణాలో కలపకుండా విడిగా పెట్టమనేది అందుకే. తాంబూలం సున్నం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. పది కిలోలకు జొన్న లేదా మొక్కజొన్న నూక ఐదున్నర కిలోలు, తవుడు రెండు కిలోలు, సోయా చెక్క రెండుంబావు కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 50 గ్రాములు. బయట తిరిగే పెట్టకు రోజుకు 50 గ్రాములు చాలు, వాన రోజుల్లోనూ మూసిపెట్టిన రోజుల్లోనూ 110 గ్రాముల దాకా వేయాలి. పచ్చి తవుడు తొందరగా మక్కిపోతుంది, పదిహేను రోజులకు సరిపడానే కలపండి. బూజు పట్టిన మొక్కజొన్న గానీ చెక్క గానీ తక్కువ ధరకు వచ్చిందని కలపొద్దు, దానిలోని విషం కాలేయాన్ని తినేస్తుంది, గుడ్లు బాగా తగ్గిపోతాయి.

గుడ్లు పొడుచుకు తినడం చాలాసార్లు తోలుగుడ్డుతోనే మొదలవుతుంది. పగిలిన గుడ్డు రుచి చూసిన కోడి తర్వాత గట్టి గుడ్డునూ పొడుస్తుంది. పెంకు గట్టిపడితే సగం నయమవుతుంది. ఐదు పెట్టలకు ఒకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న రెండు పెట్టెలు మూలన చీకటిగా ఉండేచోట పెట్టి ఎండుగడ్డి మందంగా పరవండి. గుడ్లు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయండి. ఒక చెక్క గుడ్డు గానీ పింగాణీ గుడ్డు గానీ అందులో వదిలితే పొడిచి పొడిచి విసుగెత్తి మానేస్తాయి. ముక్కుకు పచ్చసొన అంటి ఉన్న కోడి కనిపిస్తే రెండు వారాలు వేరుగా ఉంచండి. ఇంట్లో గుడ్డు పెంకుల్ని కోళ్లకు వేయదలిస్తే కడిగి, పెనం మీద వేడిచేసి, పెంకని గుర్తుపట్టలేనంతగా నలగ్గొట్టి వేయాలి.

గుడ్ల సంఖ్య తగ్గడానికి పగటి వెలుతురు కూడా ఒక కారణం. మన దగ్గర డిసెంబరులో పగలు 11 గంటలే, జూన్‌లో 13 గంటలు. పగలు కురచబడితే పెట్ట ఒంట్లో గుడ్డు తయారీ మందగిస్తుంది. గూట్లో ఆరడుగుల ఎత్తున 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టి, తెల్లవారుజామున వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ మొత్తం వెలుతురు 14 గంటలయ్యేలా చూడండి. సాయంత్రం వెలిగిస్తే ఆర్పిన క్షణంలో వాసం ఎక్కని కోళ్లు చీకట్లో చిక్కుకుంటాయి, పొద్దునే మేలు. మొదలుపెట్టాక మధ్యలో మానేస్తే ఒక్కసారిగా ఈకలు రాల్చి గుడ్లు ఆపేస్తాయి. ఇంటి అవసరానికే గుడ్లు అయితే బల్బు జోలికి పోవద్దనే నా సలహా. దాణా, గుల్ల సరిచేసి, చలికాలం వాటిని కాస్త తెరిపినివ్వండి.

కోళ్ల పెంట మీ పెరటికి దొరికిన మంచి ఎరువు. ఎండిన పెంటలో నత్రజని సుమారు 3 శాతం ఉంటుంది, పశువుల ఎరువుకన్నా ఎన్నో రెట్లు. అందుకే పచ్చిగా వేస్తే వేళ్లు మాడతాయి, ఆకుల అంచులు ఎండిపోతాయి. గూట్లో వరి పొట్టు మూడంగుళాల మందం పరిచి వారానికోసారి కలియబెట్టండి. తడిసి గట్టకట్టిన భాగం తీసి రెండింతల ఎండుటాకులతో కుప్పవేయండి. పదిహేను రోజులకోసారి తిరగేస్తూ, పిడికిట పిండితే నీరు కారనంత తేమ ఉంచితే రెండు మూడు నెలల్లో వాసన లేని నల్లటి ఎరువు అవుతుంది. చదరపు మీటరుకు అర కిలో నుంచి కిలో చాలు.

పిట్టల దగ్గరికి వద్దాం. తోటకూర విత్తనం మాయమైతే పిచ్చుకలకన్నా ముందు చీమల్ని అనుమానించండి. అంత చిన్న గింజను వరసగా మోసుకుపోయేది అవే. మడి గట్ల చుట్టూ పొడి బూడిద చల్లండి, తడిస్తే మళ్లీ చల్లాలి. విత్తనాన్ని పదింతల ఇసుకతో కలిపి చల్లి, పైన పలచగా జల్లించిన ఎరువు వేసి, వరిగడ్డి కప్పి తడపండి. నాలుగైదు రోజుల్లో మొలక కనిపించగానే సాయంత్రం పూట గడ్డి తీసేయండి. పిట్టల భయం కూడా దీంతోనే తీరుతుంది. మడుల మీద సన్నని నైలాన్ దారం వల వదులుగా పరవడం నాకు సమ్మతం కాదు. పిట్టల కాళ్లు, పాములు అందులో చిక్కి చస్తాయి. తప్పనిసరైతే వెదురు బద్దల్ని విల్లులా వంచి వాటిమీద నీడ వల బిగుతుగా లాగి కట్టండి.

టమాటాలు పొడిచేవి చాలావరకు పికిలిపిట్టలు. కాయ కొసన ఎరుపు తిరగగానే కోసి ఇంట్లో ఆకుల కింద ఉంచితే మూడు నాలుగు రోజుల్లో పండుతుంది, రుచి పెద్దగా తగ్గదు. ఎండాకాలం అవి పండును పొడిచేది చాలావరకు దప్పికతోనే, కాబట్టి రెండంగుళాల లోతున్న మట్టి మూకుడులో నీళ్లు, మధ్యలో ఒక రాయి పెట్టండి. రోజూ పారబోసి రుద్ది కడిగి నింపాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఈ మూకుడు కోళ్ల నీళ్లకు దూరంగా, పిల్లి పొంచి దూకలేనంత బయలుగా ఉండాలి.

ఆ కాస్త టమాటాలకు ఇవి చేసే మేలు చాలా ఎక్కువ. పిచ్చుక గింజలు తిన్నా, పిల్లల్ని సాకేది మాత్రం పురుగులతోనే. గోరింకలు మట్టిలోని పురుగుల్ని, మిడతల్ని ఏరతాయి. చీలిన తోకతో నల్లగా ఉండే ఏట్రింత ఎత్తయిన ఎండుకొమ్మ మీద కూర్చుని ఎగిరే రెక్కల పురుగును గాల్లోనే పట్టుకుంటుంది. మడుల మధ్య పంటకన్నా రెండడుగుల ఎత్తులో అడ్డకర్ర కట్టిన గుంజలు రెండు పాతితే అదే వచ్చి వాలుతుంది. ఇవి కంచెకు కోడి ఎగరలేనంత దూరంలో ఉండాలి. మందార, అరటి ఉంటే తేనెపిట్టలు వస్తాయి. సాలెగూళ్ల నారతో కట్టిన వాటి వేలాడే గూడు వరండా తీగకు ఉన్నా కదిలించకండి. వంగ ఆకో మందార ఆకో అంచులు కలిపి కుట్టినట్టు కనిపిస్తే అది కుట్టుపిట్ట గూడు. ఆ కొమ్మ మీద పిల్లలు ఎగిరిపోయేదాకా కత్తిరింపులు ఆపండి. సూర్యోదయం నుంచి తొమ్మిదింటి వరకు మీకు ఇవన్నీ బాగా కనిపిస్తాయి. కదలకుండా ఒకేచోట కూర్చుంటే వారం రోజుల్లో మీ ఉనికికి అలవాటుపడి దగ్గరికొస్తాయి.

వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగు వస్తే వాడిన చిగుళ్లను రెండంగుళాల కింద నుంచి తుంచి చీల్చండి. లోపల ఉన్న గులాబీరంగు పురుగును కోళ్లకు వేయొచ్చు. పేనుబంక, రసం పీల్చే పురుగులకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నురగ కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. కార్బోఫ్యూరాన్ లాంటి గుళికల మందు, మందు పట్టించిన విత్తనం, ఎలుకల మందు మాత్రం పెరట్లోకి రానీయకండి. గుళికను గింజనుకుని తింటే పిచ్చుకయినా కోడయినా నిమిషాల్లో పోతుంది.

కొక్కెర తెగులు భయం పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, నేరం పిచ్చుకల మీదే మోపడం సరికాదు. పల్లెల్లో అది ఎక్కువగా సంతలో కొన్న కోడితో, జబ్బుకోడి ఉన్న ఇంటినుంచి వచ్చే చెప్పులు, గంపలు, దాణా సంచులతో వస్తుంది. కొత్త కోడిని మూడు వారాలు వేరుగా ఉంచండి. దాణా, నీళ్లు గూటి కప్పు కిందే పెట్టి, అరగంటలో మిగిలిన దాణా తీసేయండి. అప్పుడు పిట్టలు, కాకులు అక్కడికి చేరవు. మీ కోళ్లకు ఎనిమిది నుంచి పది వారాల వయసులో ఆర్2బి టీకా వేయించి ఉంటే ఇప్పుడు మళ్లీ వేయాల్సిన సమయం. గుడ్లు పెట్టే కోళ్లకు ఆర్2బి వేస్తే గుడ్లు తగ్గవచ్చు, కాబట్టి నీటిలో ఇచ్చే లసోటా టీకా గురించి పశువైద్యుణ్ణి అడగండి. మంచుపెట్టెలో తెచ్చి, క్లోరిన్ లేని చల్లని బావినీటిలో లీటరుకు 5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలిపి, ఆ నీటిలో టీకా కరిగించాలి. ముందు రెండు గంటలు నీళ్లు ఆపి, రెండు గంటల్లో తాగేసేలా పెట్టాలి. తోలుగుడ్లతో పాటు గురక, ఆకుపచ్చని పారుడు, మెడ తిప్పడం కనిపిస్తే అది కాల్షియం లోపం కాదు, వెంటనే ఆసుపత్రికి కబురు చేయండి. కాకులో కోళ్లో ఉన్నట్టుండి ఎక్కువగా చస్తే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి.

పిచ్చుకలకు గూడు పెట్టాలనుకుంటే కోళ్ల గూటి చూరుకు కాకుండా ఇంటి గోడకు, ఎనిమిది పదడుగుల ఎత్తున, మధ్యాహ్నపు ఎండ తగలనివైపు కట్టండి. రంధ్రం 32 మి.మీ. ఉండాలి, అంతకన్నా పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. రంధ్రం కింద కర్ర పెట్టకండి, దానివల్ల పిల్లులకు, కాకులకు పట్టు దొరుకుతుంది. పైమూత తెరుచుకునేలా చేయిస్తే, పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసి శుభ్రం చేయవచ్చు.